తుంటి విరిగిన పెద్దలు మరల నడచుట

నాకు పదియేండ్ల ప్రాయమున, 1964వ సంవత్సరపు ఆశ్వయుజ మాసములో, మా మేనత్త నూతిగట్టున జారిపడెను. చేతిలోని బిందె దొర్లిపోయెను. ఆమె లేవబోయి లేవలేకపోయెను. నలుగురును చేరి నులకమంచముపై మోసికొనివచ్చి పడమటింట పరుండబెట్టిరి. కుడికాలు ఎడమకాలికంటె పొట్టిదై, పాదము వెలుపలి ప్రక్కకు వాలియుండుట నాకిప్పటికిని కన్నులకు కట్టినట్లున్నది. పొరుగూరినుండి కట్లు కట్టువారిని పిలిపించితిమి. వారు వెదురుబద్దలు పెట్టి, పసరు పూసి, కట్టు కట్టి, మూడు నెలలు కదలరాదని చెప్పిపోయిరి.

మాది పెద్ద కుటుంబము. అత్తయ్య యన్నచో ఇంటిల్లిపాదికి ప్రాణము. ఆమె చేయి యెత్తనక్కఱ లేకుండ మా అమ్మయు, మా పిన్నియు అన్నము కలిపి నోటికందించిరి, తల దువ్విరి, రాత్రులు విసనకఱ్ఱతో విసరిరి. రెండు నెలలు గడచునప్పటికి వీపున పుండ్లు పడెను. తరువాత దగ్గు, ఆయాసము వచ్చెను. మాఘమాసమున ఆమె గతించెను. “ఆ వయస్సున తుంటి విరిగిన తరువాత ఇక మంచమే గదా” అని ఊరివారనిరి. మేమును అట్లే నమ్మితిమి.

అటుపిమ్మట నేను ఎముకల వైద్యము నేర్చి, చాలకాలము ఆ పనిలోనే యుండి, ఇప్పుడు స్వగ్రామమున నివసించుచున్నాను. అత్తయ్య ప్రాణము తీసినది విరిగిన యెముక కంటె ఎక్కువగా ఆ నాలుగు మాసముల మంచమే యని గ్రహించుటకు నాకు పదునైదేండ్లు పట్టెను. ఆ మంచమునకు ఆమెను కట్టివేసినవారము మేమే. నేడు మీతో ముచ్చటింపదలచినది ఈ విషయమునే.

మొదట విరుగునది యేదో తెలిసికొందము. తొడయెముక పైకొన గుండ్రని బంతివలె నుండి, కటియెముకలోని గుంటయందు ఇమిడి తిరుగుచుండును. ఆ బంతికిని ఎముక కాడకును నడుమ ఒక మెడ గలదు. బంతికి రక్తము తెచ్చు నాళములలో ముఖ్యమైనవి ఈ మెడను అంటిపెట్టుకొని పోవును. మెడ విరిగి యెముక తొలగినచో ఆ నాళములు తెగును; నీరందని కొమ్మవలె బంతి క్రమముగా చచ్చిపోవచ్చును. మెడకు దిగువ, తొడయెముక మొదట నుండు రెండు బుడిపెల నడుమ విరిగినచో కథ వేఱు. అచ్చట రక్తమునకు కొదువ లేదు, ఎముక అతుకుకొనును. కాని చుట్టునున్న బలమైన కండలు లాగుటచేత కాలు పొట్టియై, వంకరయై అతుకుకొనును. ఈ రెండు విధముల భేదమును ఇంగ్లండు శస్త్రవైద్యుడు ఆస్ట్లీ కూపర్ 1822లో ప్రచురించిన గ్రంథమున విశదపఱచెను. నేటికిని చికిత్స ఈ భేదము ననుసరించియే జరుగుచున్నది.

పడుచువాని తుంటి విరుగవలెనన్న చెట్టుపైనుండి పడవలెను, లేక బండి గ్రుద్దవలెను. పెద్దవారికి నిలుచున్నచోట కాలు జారిన చాలును. వయస్సుతో ఎముక గుల్లబారును. ముట్లుడిగిన స్త్రీలలో ఇది మఱింత త్వరగా జరుగును. అందుచేతనే ఈ యాపద తాతలకంటె మామ్మలకు ఎక్కువగా వచ్చుచుండును.

ఇచ్చట కట్టువైద్యమును గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. చిత్తూరు సీమలోని పుత్తూరు కట్టు పేరు వినని తెలుగువాడు అరుదు. పిల్లవాని ముంజేయి వంటిచోట, ఎముక చర్మమునకు దగ్గరగా నుండును. పైనుండి బద్దలు పెట్టి బిగించినచో అది కదలక నిలుచును. తుంటికీలు అట్టిది కాదు. అది అరచేయి మందము గల కండల అడుగున నున్నది. పైని ఎంత గట్టిగ కట్టినను లోపలి ముక్కలను ఆ కట్టు పట్టియుంచలేదు. ఇది ఎవరి నేర్పునకును సంబంధించిన లోపము కాదు. కావున పడిన పెద్దవారి కాలు పొట్టిదై వెలుపలికి తిరిగియున్నచో, లేక మడమ నేలనుండి ఎత్తలేకున్నచో, తైలము మర్దింపకుడు, కాలు లాగకుడు, నడిపించి చూడకుడు. రెండు కాళ్ల నడుమ దిండు నుంచి, మెత్తని గుడ్డతో కాళ్లు రెంటిని కలిపి వదులుగ కట్టి, 108 వాహనమును పిలిపింపుడు. కాలు చక్కగనే యున్నను తొడమొదట నొప్పితో అడుగు పెట్టలేకున్నచో అప్పుడును ఎక్స్‌రే తీయించవలసినదే. ముక్కలు తొలగని పగులు కంటికి కనబడదు.

“ఈ వయస్సున కోతయా?” అని ప్రతి యింటను అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. నేను చెప్పు సమాధాన మిది. ఈ శస్త్రచికిత్స చేయునది ఎముక అందముగా అతుకుటకు కాదు. ఆ మనిషిని మఱునాడు లేపి నిలువబెట్టుటకు. పూర్వము కాలికి బరువులు వ్రేలాడగట్టి వారములకొలది పరుండబెట్టెడివారు. బోస్టను నగరపు వైద్యుడు స్మిత్ పీటర్సన్ విరిగిన మెడను ఉక్కుమేకుతో బిగించు పద్ధతిని 1931లో ప్రకటించెను. 1940లో అమెరికాలోని దక్షిణ కరోలినాలో ఆస్టిన్ మూర్ ఒక రోగికి తొడయెముక పైభాగమునకు మారుగా లోహపు భాగమును అమర్చెను. నేడు మెడ విరిగి తొలగినచో పెక్కుమంది పెద్దలకు లోహపు బంతిని అమర్చుదురు. దిగువ విరిగినచో కడ్డీతోనో మరచీలతోనో బిగింతురు. సాధ్యమైనచో ఒకటి రెండు దినములలోనే ఈ పని జరుగవలెను. ఆలస్యమైనకొలది ఊపిరితిత్తులు, రక్తము, మనస్సు మూడును చెడును. గుండెజబ్బు, మధుమేహము ఉన్నంతమాత్రమున వెనుదీయనక్కఱలేదు. వాని నెట్లు చక్కదిద్దుకొని ముందుకు పోవలెనో వైద్యులు చూచుకొందురు. మరణమునకు చేరువైన మరియొక వ్యాధి యున్నప్పుడు మాత్రము కోత వలదని నిర్ణయించుట కలదు. అప్పుడైనను నొప్పి తగ్గించి కూర్చుండబెట్టు ప్రయత్నము మానరు.

ఇక మంచము సంగతి. 1935లో లండనులోని వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో మార్జరీ వారెన్ అను వైద్యురాలికి వందలకొలది మంచము పట్టిన వృద్ధుల బాధ్యత అప్పగింపబడెను. వారిని ఏండ్ల తరబడి అట్లే పరుండబెట్టి యుంచిరి. ఆమె ఒక్కొక్కరిని పరీక్షించి, లేపి, వ్యాయామము చేయించి, అనేకులను మరల ఇండ్లకు పంపగలిగెను. 1947లో రిచర్డ్ ఆషర్ అను మరియొక ఆంగ్ల వైద్యుడు మంచముననే పరుండుటవలన గలుగు అపాయములను గూర్చి ఒక చిన్న వ్యాసము వ్రాసెను. ఊపిరితిత్తులలో కఫము నిలుచుట, కాలి నరములలో రక్తము గడ్డకట్టుట, చర్మము చివుకుట, ఎముకలు పలుచబడుట, మలబద్ధము, చివరకు మనస్సు మొద్దుబారుట, అన్నియు అందు కలవు. అది చదివినప్పుడు మా అత్తయ్య పడమటిల్లే నాకు కనబడెను.

కండ ఎంత వేగముగ కరగిపోవునో 2007లో అమెరికాలో కొలిచిరి. ఆరోగ్యవంతులైన కొందఱు వృద్ధులు పది దినములు పడకమీదనే యుండుటకు ఒప్పుకొనిరి. పది దినములకే వారి కాళ్లలో సుమారొక కిలో కండ తరిగిపోయెను. వారికి జబ్బు లేదు, గాయము లేదు. ఇక ఎముక విరిగి, అన్నము సహింపక, నొప్పితో నున్నవారి మాట మీరే యూహింపవచ్చును.

రెండేండ్ల క్రిందట మా వీథిలోని ఒక మామ్మగారు ఇంటి గడప తట్టుకొని పడిరి. వయస్సు డెబ్బది యెనిమిది. కుడి తుంటి మెడ విరిగినది. మూడవనాడు జిల్లాకేంద్రమున శస్త్రచికిత్స జరిగి, లోహపు బంతిని అమర్చిరి. మఱునాటి ఉదయము ఫిజియోథెరపిస్టు అమ్మాయి వాకరు పట్టుకొనివచ్చి “మామ్మగారూ, లేద్దామండీ” అన్నది. మామ్మగారి పెద్దకుమారునికి కోపము వచ్చెను. నిన్న కోసి నేడు నడిపింతురా యని కేకలువేసి, నాకు ఫోను చేసెను. నేను వెళ్లి చెప్పితిని: “నాయనా, ఆ లోహపు కీలు ఇప్పుడే నీ తల్లి బరువు నంతయు మోయగలదు. మోయలేనిది ఆమె కండ. అది దినమునకొక పాలు కరగిపోవుచున్నది. నొప్పికి మందు ముందుగా ఇప్పింపుము; అరగంట తరువాత లేపుము.” ఆనాడు మామ్మగారు నిలిచినది రెండు నిమిషములు. ముఖమంతయు చెమట పట్టెను. మఱునాడు మూడడుగులు వేసిరి.

ఆ రాత్రి ఆమె చనిపోయిన భర్తతో మాటలాడుచు, సెలైను గొట్టము పెరికివేసెను. ఇంటివారు గాలి సోకినదనిరి. కాదు, శస్త్రచికిత్స తరువాత వృద్ధులకు తఱచుగ కలుగు భ్రమ అది. కారణములు పెక్కు: నొప్పి, మందులు, ఒంట నీరు తగ్గుట, మూత్రము బిగియుట, నిద్ర లేమి, క్రొత్తచోటు. వైద్యునకు వెంటనే చెప్పవలెను. కన్నద్దములు పెట్టి, తెలిసిన ముఖము దగ్గరనుంచి, పగలు వెలుతురున కూర్చుండబెట్టినచో పెక్కుమందికి కొలది దినములలో తేరును. మామ్మగారికి నాలుగవ దినమునకు తేరెను.

వాకరుతో నడచునప్పుడు క్రమమిది: ముందు వాకరు, తరువాత గాయపడిన కాలు, పిదప మంచికాలు. మెట్లు ఎక్కునప్పుడు మంచికాలు ముందు. దిగునప్పుడు గాయపడిన కాలు ముందు. ఆసుపత్రి విడిచులోపల ఇది ఇంటివారిలో ఒకరు నేర్చుకొని తీరవలెను.

నిజమైన కష్టము ఇంటికి వచ్చిన తరువాత మొదలగును. మామ్మగారికి ముగ్గురు కోడండ్రు, ముగ్గురును మంచివారే. ఒకతె నీళ్లందించును, ఒకతె అన్నము తెచ్చును, ఒకతె కాళ్లు పట్టును. వారము తిరుగునప్పటికి మామ్మగారు వాకరును గోడకు చేరవేసి మంచమున ఒరిగిరి. నేను పోయి మంచినీళ్ల కుండను ఆమె మంచమునకు పండ్రెండడుగుల దూరమున పెట్టించితిని. దాహమైనప్పుడు ఆమెయే నడచిపోయి త్రాగవలెను. కోడలు ప్రక్కన నడువవలెను గాని చేతికందింపరాదు. తరువాత భోజనము వంటయింటిలోనే యని నియమించితిని. రెండు దినములకు ఆ పెద్దకోడలు కన్నీరు పెట్టుకొని నాయొద్దకు వచ్చినది. “బాబయ్యగారూ, ఊళ్లో అందఱును నన్ను ఆడిపోసికొనుచున్నారు. అత్తగారికి సేవ చేయలేక ముసలిదానిని నడిపించుచున్నదట నేను.”

అయ్యలారా, అమ్మలారా, ఆ మాట అన్నవారు పరాయివారు కారు. మనవంటి పెద్దలే అరుగులమీద కూర్చుండి అనిరి. మా అత్తయ్యకు మా యింటివారు చేసిన సేవను ఆనాడు ఊరంతయు మెచ్చుకొన్నది. ఈ కోడలిని తిట్టినది. నేను మఱునాటి సాయంకాలము రామాలయపు అరుగుమీద కూర్చుండి, ఆ పండ్రెండడుగులు నేను వ్రాసి యిచ్చిన మందేయని నలుగురికిని చెప్పవలసివచ్చెను. దానితో నోళ్లు మూతపడెను.

మరియొక అడ్డంకి భయము. ఒకమారు పడినవారికి మరల పడుదుమేమో యను దిగులు కాలి నొప్పికంటె బలమైనది. దానికి ధైర్యవచనములు చాలవు. వెనుక ఒకరు నడుమునకు కట్టిన పంచెను పట్టుకొని నడచుట, దారిలో నాలుగడుగుల కొక కుర్చీ వేయుట, దినమునకొక అడుగు పెంచుట, ఇట్టి పనులే భయమును తీర్చును.

కొన్ని వారములకు, నడక నిలకడయైనదని చూచి వైద్యుడు చెప్పినపుడు, వాకరు విడిచి చేతికఱ్ఱ పట్టుకొందురు. ఇచ్చట పదింట ఎనమండ్రు పొరబడుట చూచితిని. విరిగిన కాలి ప్రక్కనే కఱ్ఱ పట్టుకొందురు. అది తప్పు. కుడి తుంటి విరిగినచో కఱ్ఱ ఎడమచేత నుండవలెను. ఎందులకన, ఏతమును జ్ఞాపకము చేసికొనుడు. మనము నడచునప్పుడు ప్రతి అడుగునను ఒక క్షణము ఒంటికాలిపై నిలుతుము. అప్పుడు తుంటి బంతి ఏతపు నిలువుస్తంభము వంటిది. దానికి లోపలి ప్రక్కను శరీరపు బరువంతయు పొడవైన కొయ్యకు వ్రేలాడిన బానవలె నుండును. వెలుపలి ప్రక్కను తుంటికండలు పొట్టికొయ్యను పట్టి క్రిందికి లాగుచు, శరీరము ఒరిగిపోకుండ నిలుపును. కొయ్య పొట్టిది గనుక బరువునకు సుమారు రెండురెట్ల బలముతో లాగవలసియుండును. శరీరపు బరువును, ఈ లాగుడును కలసి తుంటిమీద పడు భారము శరీరపు బరువునకు రెండున్నర మూడు రెట్లగును. ఎదుటి చేతిలోని కఱ్ఱ ఆ బాన క్రింద చేయి పెట్టినట్లు పని చేయును. తుంటికి దూరముగ నున్నందున కొంచెము ఊత యిచ్చినను గొప్ప సాయమగును. అదే ప్రక్కను పట్టిన కఱ్ఱకు ఆ దూరపు లాభము లేదు. 1956లో అమెరికా వైద్యుడు వాల్టర్ బ్లౌంట్ చేతికఱ్ఱను పారవేయవలదను శీర్షికతో ఒక వ్యాసము వ్రాసెను. కఱ్ఱ పట్టుటకు సిగ్గుపడి కుంటుచు నడచువారికి నేను ఆ పేరు చెప్పుచుందును. కఱ్ఱ పిడి, చేయి వ్రేలాడవేసినపుడు మణికట్టు ఎత్తున నుండవలెను. అడుగున రబ్బరు బిళ్ల తప్పక యుండవలెను.

నడకతోపాటు కండకు పని కావలెను. కిటికీ ఊచలు పట్టుకొని నిలిచి, గాయపడిన కాలిని ప్రక్కకు ఎత్తి దించుట. చేతులున్న కుర్చీనుండి లేచి కూర్చుండుట. మోకాలు చాచి తొడను బిగించుట. దినమునకు మూడుపూటలు, పూటకు పదిమార్లతో మొదలుపెట్టవలెను. “ఈ వయస్సున కండ పెరుగునా?” యని నన్నడిగిన తాతగారికి నేను చెప్పిన ముచ్చట చెప్పెదను. 1990లో బోస్టను నగరమున ఒక వృద్ధాశ్రమములో ఎనుబది యారు మొదలు తొంబది యారేండ్ల వయస్సువారు పదిమందిచేత ఎనిమిది వారములు తొడకండలకు బరువులెత్తు వ్యాయామము చేయించిరి. తొమ్మిదిమంది పూర్తిచేసిరి. వారి తొడబలము సగటున రెండున్నర రెట్లు దాటెను. ఇద్దరు చేతికఱ్ఱలు విడిచిరి. తాతగారు ఆ మఱునాటినుండి కుర్చీ లేచుట మొదలుపెట్టిరి, కాని నాతో ఒక వారము మాటలాడలేదు; తనకు ఎనుబదియే గదా యని పౌరుషము వచ్చినది కాబోలు.

మన ఇండ్లు నేలమీద కూర్చుండు ఇండ్లు. లోహపు బంతిని అమర్చినవారు వైద్యుడు చెప్పువఱకు పీటపై కూర్చుండుట, బాసిపట్టు వేయుట, గొంతుక కూర్చుండుట మానవలెను; లోతుగ వంగినచో బంతి గుంటనుండి జారవచ్చును. నులకమంచము గుంటపడి యుండును, లేచుటకు యమయాతన. బల్లమంచము వేసి, కాళ్ల క్రింద ఇటుకలు పేర్చి, కూర్చున్నప్పుడు మోకాలికంటె తుంటి కొంచెము ఎత్తుగ నుండునట్లు చేయుడు. మరుగుదొడ్డికి నడుమ రంధ్రము గల కుర్చీ ఊరి వడ్రంగియే చేసి యియ్యగలడు.

ఆహారమునందు మనవారు చేయు అపచారము పథ్యము. చారునీళ్లు, జావ, కారప్పొడి యని నెలకొలది పెట్టుదురు. కండ పుట్టవలసినది పప్పు, పెరుగు, పాలు, గ్రుడ్డు, చేపలనుండి. తినువారు తినవచ్చును; తిననివారికి పప్పు, పాలు రెట్టింపు చేయుడు. రాగులు, నువ్వులు సున్నపుధాతువు నిచ్చును. మూత్రపిండముల వ్యాధి గలవారు మాత్రము వైద్యుని అడిగి తినవలెను. విటమిన్ డి గూర్చియు, ఎముక గట్టిపడుటకు సంవత్సరమున కొకమారు నరమున నెక్కించు మందు గూర్చియు ఆసుపత్రిలో మీరే అడుగుడు. ఒక తుంటి విరిగినవారికి రెండవది విరుగు భయము కలదు. అయినను ఈ మందు సంగతి అడుగువారును, చెప్పువారును తక్కువ. కంటిశుక్లము తీయించుట, రాత్రి దీపము వెలుగనిచ్చుట, నిద్రమాత్రలు తగ్గించుట, నూతిగట్టున పాచి గీకించుట మీకు తెలిసినవే.

అందఱును పూర్వమువలె నడతురని నేను చెప్పను. అట్లు చెప్పినచో అబద్ధమగును. పెక్కుదేశముల లెక్కలలో తుంటి విరిగిన వృద్ధులలో సుమారు సగముమంది మాత్రమే వెనుకటి నడకను పొందుచున్నారు. నలుగురైదుగురిలో ఒకరు సంవత్సరము తిరుగకుండ మరణించుచున్నారు. మేలు ఎక్కువగా మొదటి యారు మాసములలో కనబడును. అటుపిమ్మటను ఏడాదివఱకు కొంచెము కొంచెముగా పెరుగుచుండును. రెండవ నెలలో నడక రాలేదని వాకరును అటకపై పెట్టినవారిని చాలమందిని చూచితిని.

మా మామ్మగారు నాలుగవ నెలలో చేతికఱ్ఱకు వచ్చిరి. ఇప్పుడు ఉదయము పాలకేంద్రము వఱకు ఎడమచేత కఱ్ఱతో ఒంటరిగ పోవుచున్నారు. కొంచెము కుంటు మిగిలినది. పురాణమునకు వచ్చినపుడు చాపమీద కాక, వెనుక వేసిన కుర్చీలో కూర్చుందురు. తాను పడిన గడపకడ మాత్రము ఈనాటికిని ఒక క్షణమాగి, ద్వారబంధము పట్టుకొని, కుడికాలు ముందు దింపి దాటుదురు.